తీసిపారేసేవాడేం కాదు

ఎస్బెన్ రోన్‌బియర్ ఫోటో ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు. కంప్యూటర్‌లో పేరు కొడితే చాలు. చేతులు కట్టుకుని, కాస్త పక్కకు తిరిగి, మెడ దగ్గర గుండీ విప్పుకుని, మనకు తెలియనిదేదో తనకు తెలిసినట్టు నవ్వుతూ ఉంటాడు. ఫోటో కింద ఉద్యోగం పేరు నాలుగు వరసలుంది. ఎన్నిసార్లు చదివినా ఆ మనిషి పొద్దున లేచి ఏం పని చేస్తాడో నాకు అంతుపట్టలేదు. మార్పుకు దారి చూపిస్తాడట. ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చుని చూపిస్తాడట. ఎవరి మార్పు, ఎక్కడికి దారి అని అడిగితే జవాబు ఇంకో నాలుగు వరసలవుతుంది కాబోలు.

ఇదే మనిషి మా దగ్గర పన్నెండేళ్ళు పనిచేశాడు. అప్పట్లో ఏం చేస్తావని ఎవరైనా అడిగితే 'పంపులు' అనేవాడు. అడిగినవాడికి అర్థమయ్యేది.

మాది తిబొరోన్ రేవు. డెన్మార్క్ పడమటి అంచు, ఆపైన ఇక సముద్రమే. మా కార్ఖానాలో చేపల పంపులు తయారవుతాయి. వలలో పడ్డ హెరింగ్, మాకెరెల్ చేపల్ని నీళ్ళతో సహా లావుపాటి గొట్టంలోంచి ఓడలోకి లాగే యంత్రాలవి. వాటికి కావలసిన ఇనుము, రబ్బరు, బోల్టులు కొనడం నా పని. నా పేరు ఇంగర్. ఎస్బెన్ ఇంజనీరింగ్ చదువు ముగించి నిక్కుతూ మా గేటులోకి వచ్చిన రోజున వాడి కాలి కొలత అడిగి బూట్లు తెప్పించింది నేనే. వాడిని 'వాడు' అనే హక్కు నాకు ఆ రోజు నుంచీ ఉంది.

పని తెలిసినవాడు, ఆ మాట కాదనను. వాడు రాకముందు మా పంపులోంచి వచ్చిన చేపల్లో సగం నలిగిపోయి ఉండేవి. చర్మం చిట్లిన చేపకి బజార్లో విలువుండదు. వాడు పంపు లోపల తిరిగే చక్రం వంపు మార్చాడు. ఏళ్ళ తరబడి మార్చాడు. ఒక దశలో మొత్తం హెరింగ్‌ని ముద్ద చేసి ఓడ మీదికి చిమ్మింది వాడి చక్రం. డెక్ మీద ఉన్నవాళ్ళు వారం రోజులు పెళ్ళాల పక్కన పడుకోలేకపోయారు. అయినా వాడు వదల్లేదు. చివరికి షెట్లాండ్ నుంచి వచ్చిన ఓ ఓడ మీద కొత్త పంపు పెట్టి, మాకెరెల్ వల ఖాళీ చేస్తే, ఒక్క చేప కూడా నలగలేదు. ఆ ఓడ కెప్టెన్ ఎస్బెన్‌ని కావలించుకుని రెండు బుగ్గలమీదా ముద్దులు పెట్టాడు. మా గున్నర్ వంగి ఒక చేప తీసి, ఇటూ అటూ తిప్పి చూసి, మళ్ళీ కుప్పలో వేశాడు.

"చేపలు చేపల్లాగే ఉన్నాయి" అన్నాడు.

మేమందరం ఎస్బెన్ చెయ్యి పట్టుకుని ఊపాం. నాకు కళ్ళు చెమర్చాయి. వాడు మాత్రం ఇంటికి వెళ్ళి భార్య మారెన్‌తో "ఇంతేనా?" అన్నాడట. మారెన్ లెమ్‌విగ్‌లో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. నా పళ్ళు కూడా అక్కడే చూపించుకుంటాను, కాబట్టి నోరు తెరిచి పడుకుని నేను వినని సంగతి లేదు.

గున్నర్ హ్వోల్బి గురించి చెప్పాలి. ఆయన కార్ఖానా పెద్ద. యజమాని కాదు గానీ, యజమాని కూడా ఆయన మొహం చూశాకే సంతకం పెడతాడు. మా దగ్గర అందరూ అందరినీ పేరు పెట్టి పిలుస్తారు, నువ్వు అనే అంటారు. ఎవరి విలువ ఎంతో పిలుపులో తేలదు. ఎవరు నోరు తెరిస్తే మిగతావాళ్ళు కాఫీ కప్పు కింద పెడతారో చూసి తెలుసుకోవాలి. గున్నర్ నోరు తెరిస్తే అందరూ పెడతారు. ఆయన తెరవడం తక్కువ కాబట్టి మా కాఫీలు చల్లారవు.

మా వైపు పొగడ్త ఉప్పులాంటిది. కూరలో ఉండాలి గానీ నోట్లో రాయిలా తగలకూడదు. గున్నర్ ఆ ఉప్పు కూడా చిటికెడే వేస్తాడు. పని సరిగ్గా ఉంటే ఏమీ అనడు. బాగుంటే 'తిరుగుతోంది' అంటాడు. వెల్డింగ్ చేసే ఓవె రిటైరైన రోజు గున్నర్ లేచి నిలబడి "ఓవె అతుకులు కారలేదు" అని కూర్చున్నాడు. ఓవె ఇంటికి వెళ్ళి సాయంత్రమంతా ఏడ్చాడని, ఆ మాటని కుట్టుపనితో గుడ్డ మీద రాయించి గోడకి తగిలించుకున్నాడని వాళ్ళావిడ చెప్పింది. అన్నిటికంటే పై మెట్టు మాట ఇంకొకటి ఉంది, 'తీసిపారేసేది కాదు' అని. ఆ మాట గున్నర్ నోట నేను ఒక్కసారే విన్నాను. అదీ మనిషి గురించి కాదు. ఊరి సగం పైకప్పులు ఎగరగొట్టిన తుఫాను వెళ్ళాక, చెక్కు చెదరకుండా నిలబడ్డ రేవు గోడని చూసి అన్నాడు.

ఇలాంటి చోట పుట్టి, ఇలాంటి చోట పెరిగి, పొగడ్త కోసం ఊరు దాటాడు ఎస్బెన్. పొరుగింటి పుల్లకూర రుచి.

జబ్బు ట్రాండ్‌హైమ్‌లో అంటింది. అక్కడ చేపల పడవల సామాను సంత జరుగుతుంది. మా పంపుని కూడా పెట్టాం. మా సరుకు అమ్మిపెట్టే డచ్ కంపెనీ ఓ కుర్రాణ్ణి పంపింది. ఎక్కడో పెద్ద బిజినెస్ స్కూల్లో చదివాడట. ఒంటికి అతుక్కున్న సూటు, కాళ్ళకి మేజోళ్ళు లేవు. నార్వేలో, ఆ చలిలో. వాడు పంపు ముందు నిలబడి చక్రం ఎటు తిరుగుతుందో తప్పు చెప్పాడు. నీళ్ళు ఎటు వెళ్తాయో తప్పు చెప్పాడు. జనం మూగి విన్నారు, తలలూపారు, కార్డులు ఇచ్చుకున్నారు. చక్రం కనిపెట్టిన మనిషి పక్కన గుడ్డతో నూనె తుడుస్తూ నిలబడ్డాడు. నేనైతే ఆ కుర్రాడి చెయ్యి గొట్టంలో పెట్టించి ఎటు తిరుగుతుందో చూపించేదాన్ని. ఎస్బెన్‌కి కోపం రాలేదు. ఆశ పుట్టింది.

ఆ తర్వాత వాడి బల్ల మీద నున్నటి కాగితం పుస్తకం ఒకటి ప్రత్యక్షమైంది. బెల్జియంలో, బ్రస్సెల్స్ బయట, బీచ్ చెట్ల అడవి పక్కన ఉన్న బిజినెస్ స్కూలుది. ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చి ఒక ఏడాది చదువుతారట, అందులో రెండు నెలలు సింగపూర్‌లోనట. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది: మీలో ఒక అసాధారణ నాయకుడున్నాడు.

గున్నర్ ఆ పేజీ చూసి "ఎక్కడ?" అన్నాడు.

నేను కూడా వాళ్ళ వెబ్‌సైట్లోకి వెళ్ళి నా పేరు, వయసు కొట్టి చూశాను. నాలోనూ ఉన్నాడట.

చేరాలంటే మన గురించి మనం వ్యాసాలు రాసుకోవాలి. అందుకు ఆర్‌హూస్‌లో ఎవరో ఆవిడని కుదుర్చుకున్నాడు. జనానికి వాళ్ళ బతుకుల్ని కథలుగా మలిచి ఇవ్వడం ఆవిడ వృత్తి. దేవుడా, దాన్ని కూడా వృత్తి అంటారు. నీకు ఎదురైన పెద్ద ఓటమి ఏమిటి, దాన్నుంచి ఏం నేర్చుకున్నావు అన్నది ఒక ప్రశ్న. ఎస్బెన్ హెరింగ్ ముద్ద సంగతి రాశాడు. నేర్చుకున్నది చక్రం వంపు అని రాశాడు. ఆవిడ అది కొట్టేసి, వినయం అని రాయించింది. 'పంపు' అన్న మాటలో ప్రాణం లేదని కూడా అందట. వ్యాసం చివరికి తయారయ్యేసరికి అందులో పంపు లేదు, 'సముద్రంతో నా సంభాషణ' ఉంది. భోజనాల గదిలో ఎస్బెన్ ఆ వాక్యం పైకి చదివినప్పుడు కుర్రాళ్ళు రై రొట్టె గొంతుకి అడ్డం పడి దగ్గారు.

"నవ్వండ్రా, నవ్వండి" అన్నాడు ఎస్బెన్. "మీరంతా ఇక్కడే నూనె నాకుతూ చస్తారు."

"నువ్వేం నాకుతావు అక్కడ?" అని అడిగాను.

"ఇంగర్, నీకు అర్థం కాదు. అక్కడ మనిషికి వాడి విలువ మొహం మీద చెప్తారు."

"డబ్బు తీసుకుని చెప్తారు."

"ఇక్కడ డబ్బిచ్చినా చెప్పరుగా."

వాడి కక్కుర్తికి అడుగున ఆకలి ఉందని నాకు తెలుసు. పన్నెండేళ్ళలో గున్నర్ వాడితో 'తిరుగుతోంది' అన్న మాట కంటే ఎక్కువ అనలేదు. అయినా ఆకలేస్తే బేకరీకి వెళ్తారు గానీ, బేకరీ ఫోటో అమ్మేవాడి దగ్గరికి వెళ్తారా?

వ్యాసాలు అయ్యాయి, ఇంటర్వ్యూ అయింది. ఇక మిగిలింది ఒక్కటే. ఆ స్కూలువాళ్ళు వాడి పైఅధికారితో ఫోన్‌లో మాట్లాడతారు. ఆయన మాట మీదే సీటు. ఎస్బెన్‌కి అప్పటికే ముప్పై ఆరు, ఆ స్కూల్లో చేరేవాళ్ళలో అదే పెద్ద వయసట. ఈ ఏడు రాకపోతే మళ్ళీ రాదని మారెన్ చెప్పింది. వాడు మాకు ఆ మాట చెప్పలేదు, కానీ గున్నర్ గది ముందు నుంచి నడిచేటప్పుడు అడుగు నెమ్మదించడం అందరం చూశాం.

తన దగ్గరున్న మంచి ఇంజనీరు పోతాడని గున్నర్‌కి తెలుసు. ఒక్క మాటా అడ్డు చెప్పలేదు. "ఫోను చెయ్యమను" అన్నాడంతే. ఆ ఫోను రావలసిన రోజున ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఫోన్‌లో మాట్లాడడానికి.

పంపుల మోతలో బతికి బతికి గున్నర్‌కి చెవులు దెబ్బతిన్నాయి. ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడు. ఆయన గదిలో ఎదురు బల్ల నాది. కాబట్టి మొత్తం విన్నాను. అటువైపు మాట్లాడినావిడ పేరు ఓదీల్. గొంతు తేనెలో నానబెట్టినట్టుంది.

"మిమ్మల్ని గున్నర్ అని పిలవొచ్చా?"

"నా పేరు అదే."

"ఎస్బెన్ గురించి మీతో మాట్లాడడం మాకెంతో సంతోషం. అతను బృందాన్ని ఎలా నడిపిస్తాడు?"

గున్నర్ ఆలోచించాడు. "ఎవరూ మానెయ్యలేదు" అన్నాడు.

"అలాగా. అతని ఇంపాక్ట్ గురించి చెప్తారా?"

గున్నర్ ఇంగ్లీషు స్కాట్లండు జాలర్లకి పంపులు అమ్మి నేర్చుకున్న ఇంగ్లీషు. ఆ మాటకి మా కార్ఖానాలో ఒకటే అర్థం, దెబ్బ. "దెబ్బలా? అస్సలు తగలవు" అన్నాడు. "చేప మీద గీత పడదు."

అటువైపు కాసేపు ఏదో టైపు చేస్తున్న చప్పుడు. "అతనిలో మెరుగుపడాల్సింది ఏమైనా ఉందా?"

"పొద్దున్నే ఎక్కువ మాట్లాడతాడు."

"పదికి ఎన్ని మార్కులు వేస్తారు?"

"ఏడు."

"ఏడేనా?"

"నాకు నేను ఆరు వేసుకుంటాను."

నేను నవ్వు ఆపుకోవడానికి పెన్సిలు కొరికాను. చివరికి ఆ ఓదీల్, మీ మాటల్లో ఒక్క వాక్యంలో ఎస్బెన్ ఎలాంటివాడు, అని అడిగింది. ఫోను కట్ అయిందేమోనని ఆవిడ రెండుసార్లు హలో అంది. గున్నర్ కిటికీలోంచి రేవు వైపు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"తీసిపారేసేవాడేం కాదు" అన్నాడు.

నా చేతిలో పెన్సిలు కింద పడింది. తుఫానుకి నిలబడ్డ గోడ గురించి అన్న మాటని మనిషి గురించి అన్నాడు గున్నర్. పైగా పరాయి మనిషితో, పరాయి భాషలో. ఫోను పెట్టేశాక నావైపు చూడలేదు. లేచి, నా కప్పూ తన కప్పూ తీసుకుని వెళ్ళి కడిగాడు. ఆయన కప్పులు కడగడం నేను అంతకుముందు చూడలేదు.

ఆవిడ ఏం రాసుకుందో ఊహించుకోవచ్చు. రెండు రోజుల తర్వాత పొద్దున ఎస్బెన్ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ఒంటిమీద వాన కోటు అలాగే ఉంది, నేలంతా నీళ్ళు కారుతున్నాయి.

"ఓదీల్ ఫోన్ చేసింది. సీటు ఆపేశారు. మీ పైఅధికారికే మీ మీద నమ్మకం లేదంది."

"నేనలా అనలేదే" అన్నాడు గున్నర్.

"ఏమన్నావు మరి?"

గున్నర్ బల్ల మీది స్క్రూ ఒకటి తీసి చూడడం మొదలుపెట్టాడు.

"నువ్వన్న మాట ఆవిడ నాకు చదివి వినిపించింది" అన్నాడు ఎస్బెన్. "తీసిపారేసేవాడేం కాదన్నావట."

"అన్నాను."

ఎస్బెన్ కూడా ఈ నేల మీద పుట్టినవాడే. ఆ మాట బరువెంతో వాడికి ఎవరూ తూచి చెప్పక్కర్లేదు. ఒక్క నిమిషం, నేను బూట్లు తెప్పించిన పిల్లాడు కనిపించాడు ఆ మొహంలో. ఇక చాలు, వెళ్ళి గున్నర్ చెయ్యి పట్టుకుంటాడు, ఆ నున్నటి పుస్తకం పొయ్యిలో పెడతాడు అనుకున్నాను. నాదే పొరపాటు.

"వాళ్ళకి అర్థం కాలేదు గున్నర్" అన్నాడు వాడు. "ఇంకొక్కసారి మాట్లాడతానంది. రేపు చేస్తుంది. ఈసారి వాళ్ళకి తెలిసేలా చెప్పాలి."

"ఉన్నమాటే చెప్పాను."

"ఉన్నమాట చాలదు. అక్కడ అందరి బాసులూ అందరినీ అసాధారణం అంటారు. నువ్వు ఏడు మార్కులు వేస్తే వాళ్ళు నన్ను వెధవ అనుకుంటారు."

"ఏడు మంచి మార్కే."

"నాకు తెలుసు మంచి మార్కని" అన్నాడు ఎస్బెన్. "నాకు తెలుసు. కానీ నా బతుకు ఇది. నాకు ఇంకో ఏడాది లేదు."

అలా మా గదిలో బడి మొదలైంది. ఎస్బెన్ ఓదీల్ అయ్యాడు. గున్నర్ పిల్లాడయ్యాడు. ఎస్బెన్ గొంతు మార్చి ప్రశ్న అడగడం, గున్నర్ జవాబు చెప్పడం, ఎస్బెన్ తల అడ్డంగా ఊపడం. అరవై దాటిన మనిషి, ఈ రేవులో ఎవరికీ తలవంచని మనిషి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని పాఠం అప్పజెప్పాడు.

"ఎస్బెన్ ఎలాంటివాడు, గున్నర్?"

"మంచి ఇంజనీరు."

"కాదు. అసాధారణమైన ఇంజనీరు."

"అసాధారణమైన."

"దూరదృష్టి గల నాయకుడు."

"దూరదృష్టి. కళ్ళజోడు పెట్టుకుంటావు కదరా నువ్వు."

"గున్నర్!"

"సరే, సరే. నాయకుడు."

"నేను చూసిన ఇంజనీర్లలో నూటికి ఒక్కడు."

గున్నర్ ఆ మాట దగ్గర ఆగిపోయాడు. "ఈ మాటలు నేను ఒకసారి వాడాను" అన్నాడు.

నాకూ గుర్తుంది. మా గిడ్డంగిలో ఫ్లెమ్మింగ్ అని ఒకడుండేవాడు. బోల్టుల పెట్టె మీద పడుకుని నిద్రపోయేవాడు, లేస్తే తగవులు పెట్టేవాడు. స్కాగెన్‌లో మా పోటీ కంపెనీవాళ్ళు వాడి గురించి ఫోన్ చేసి అడిగితే గున్నర్ ఆకాశానికెత్తాడు. అంత గొప్పవాడు ఇంకొకడు లేడన్నాడు. వాళ్ళు వెంటనే పట్టుకుపోయారు. ఆ సాయంత్రం గున్నర్ మా అందరికీ బీరు పోయించాడు. మా రేవులో ఒకణ్ణి మరీ మునగచెట్టెక్కిస్తుంటే, వీణ్ణి ఎందుకు వదిలించుకుంటున్నార్రా అని అడుగుతారు జనం.

"ఫ్లెమ్మింగ్ సంగతి నాకెందుకు?" అన్నాడు ఎస్బెన్. "వాడు వేరు, నేను వేరు."

"అదే నేనూ అంటున్నాను" అన్నాడు గున్నర్. "వాడికన్న మాటలు నీకు అనమంటావా?"

"అనమంటాను."

గున్నర్ వాడి మొహంలోకి చూశాడు. ఇంకోసారి ఆలోచించుకో అని నోటితో అనే అలవాటు ఆయనకి లేదు. చూడడమే అడగడం. ఎస్బెన్ కళ్ళు దించుకుని, "మొదటి నుంచి చెప్పు" అన్నాడు. నాకు వాడి వీపు మీద చరచాలనిపించింది. గున్నర్ మొదటి నుంచి చెప్పాడు.

మర్నాడు ఓదీల్ ఫోన్ చేసింది. గున్నర్ చొక్కా మామూలు చొక్కా. అసాధారణం, దూరదృష్టి, నూటికి ఒక్కడు, అన్నీ వరసగా, స్టేషన్లో రైళ్ళ పేర్లు చదివేవాడిలా చదివేశాడు. పదికి పది అన్నాడు. లోపాలేమిటంటే, మరీ ఎక్కువగా కష్టపడతాడు అన్నాడు, అది కూడా ఎస్బెన్ నేర్పిందే. ఆ మాటలు అబద్ధంలా వినిపించకుండా ఉండాలంటే చెవులు లేకుండా ఉండాలి. ఓదీల్‌కి ఒక్క అనుమానమూ రాలేదు. "థ్యాంక్యూ గున్నర్" అంది ఎంతో ఆనందంగా. "ఇప్పుడు మాకు అసలైన ఎస్బెన్ కనిపిస్తున్నాడు."

సీటొచ్చింది. ఎస్బెన్ కార్ఖానా అంతా తిరిగి అందరికీ చెప్పాడు. ఆ స్కూలువాళ్ళు పంపిన నీలం టోపీ ఒకటి పెట్టుకుని తిరిగాడు. ఇంట్లో అద్దం ముందు తన పేరు రకరకాలుగా చెప్పుకుంటున్నాడని, చెయ్యి కలిపేటప్పుడు రెండో చెయ్యి ఎక్కడ పెట్టాలో వీడియోలు చూస్తున్నాడని మారెన్ చెప్పింది. చెప్పి నవ్వలేదు. ఆమె కూడా ఉద్యోగం మానేసి వెంట వెళ్తోంది. అక్కడ భార్యలకి ఒక క్లబ్బు ఉందట. పళ్ళు శుభ్రం చేసే మనిషిని ఆ క్లబ్బులో ఏం చేయిస్తారో నాకు తెలియదు.

వెళ్ళిపోయేవాళ్ళకి మా దగ్గర శుక్రవారం కాఫీ. కేకు తేవలసింది వెళ్ళేవాడే. గున్నర్ లేచి ఏదో ఒక మాట అంటాడు. అందరూ వచ్చేది ఆ ఒక్క మాట కోసం. ఆ రోజు భోజనాల గదిలో కుర్చీలు చాలలేదు. రిటైరైన ఓవె కూడా వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మారెన్ మూడంతస్తుల క్రీము కేకు చేసి తెచ్చింది. మేమంతా కలిసి ఎస్బెన్‌కి తోలు సంచి కొన్నాం.

ఎస్బెన్ ఇస్త్రీ చొక్కాలో, గున్నర్‌కి ఎదురుగా కూర్చున్నాడు. చెంచా ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. వాడు దేనికోసం చూస్తున్నాడో ఆ గదిలో అందరికీ తెలుసు. ఓదీల్‌కి చెప్పిన మొదటి మాట సంగతి నేను దాచలేదు, అందరి చెవినీ వేశాను. గున్నర్ ఆ మాట ఇక్కడ, మా మధ్య, మా భాషలో అంటాడని వాడి ఆశ. బెల్జియంలో ఎవరు ఏమన్నా, ఓవె వింటుండగా ఆ మాట అనిపించుకుంటే ఇక చచ్చేదాకా అదే చాలు. అంత తెలిసినవాడివి ఎందుకు పోతున్నావురా అని అడగాలనిపించింది. అడిగి లాభం లేదు.

గున్నర్ లేచాడు. అందరం కప్పులు కింద పెట్టాం.

"ఎస్బెన్ అసాధారణమైన ఇంజనీరు" అన్నాడు. "దూరదృష్టి గల నాయకుడు. నేను చూసినవాళ్ళలో నూటికి ఒక్కడు."

కూర్చున్నాడు.

ఎవరూ నవ్వలేదు. కుర్రాళ్ళు బల్ల వైపు చూశారు. ఓవె మొహం తిప్పుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మారెన్ కేకు కొయ్యబోతూ కత్తి పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఎస్బెన్ మెడ దగ్గర్నుంచి నుదుటిదాకా ఎర్రబడ్డాడు. తోలు సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని తాళం తీశాడు, వేశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"గున్నర్, మామూలుగా చెప్పు" అన్నాడు.

"ఏం చెప్పాలి?"

"ఆవిడకి మొదట చెప్పావే. అది. ఇక్కడ చెప్పు."

వేడుకున్నాడు. పన్నెండేళ్ళ మా ఎస్బెన్, సింగపూర్ దాకా వెళ్ళబోయే ఎస్బెన్, అందరి ముందూ చేతులు చాచినంత పని చేశాడు. నాకు వాడి మీద జాలేసింది, జాలేసినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

గున్నర్ గొంతులో కోపం లేదు. స్క్రూ కొలత చెప్పినట్టు చెప్పాడు.

"అది నీకిచ్చాను కదా. నువ్వే తిప్పి పంపావు."

కేకు కొయ్యమని మారెన్‌కి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె కోసింది. వెళ్ళేవాడే వడ్డించాలి కాబట్టి ఎస్బెన్ ఒక్కొక్క పళ్ళెం అందరికీ అందించాడు. గున్నర్ దగ్గరికి వచ్చేసరికి పళ్ళెంలోంచి చెంచా జారి కింద పడింది. గున్నర్ వంగి చెంచా తీసి పళ్ళెంలో పెట్టాడు. ఆ పళ్ళెం తీసుకుని పక్కవాడికి అందించి, టోపీ పెట్టుకుని పనిలోకి వెళ్ళిపోయాడు.